పెట్టె మీది రంగు, పెట్టెలోని పని

(మహబూబ్‌నగర్‌లో ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ టీచర్లు, తల్లిదండ్రుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభకు విచ్చేసిన పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు, అంగన్‌వాడీ టీచర్లకు, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

పిల్లలు ముక్కలు కలిపి ఇళ్లు, బండ్లు, వంతెనలు కట్టే ఆటవస్తువులున్నాయి. దుకాణంలో మనం వాటిని బిల్డింగ్ బ్లాక్స్ అనో, మెకానిక్స్ సెట్ అనో అడుగుతాం. వాటిని తయారు చేసేవారు ఆడపిల్లలకు ఒక తీరుగా, మగపిల్లలకు మరో తీరుగా ఎందుకు తయారు చేస్తున్నారు, దానివల్ల పిల్లలకు ఏమవుతోంది అన్నది ఈ పూట నాకు అప్పగించిన విషయం. ఈ మాట ఎత్తగానే చర్చ గులాబీ రంగు మీదికి పోతుంది. గులాబీ రంగు మీద నాకు ఏ కోపమూ లేదు. గులాబీ ఇటుకకూ నీలం ఇటుకకూ బలంలో తేడా ఉండదు. చూడవలసింది ఆ పెట్టెలోని ముక్కలు బిడ్డ చేతికి ఏ పని చెబుతున్నాయి, ఎన్ని అతుకులు వేయిస్తున్నాయి, ఎన్నిచోట్ల "ఇది ఇక్కడ నిలుస్తుందా, పడిపోతుందా" అని ఆలోచింపజేస్తున్నాయి అన్నది. నేను పాలిటెక్నిక్‌లో ఇంజినీరింగ్ డ్రాయింగ్ చెప్పే మనిషిని కాబట్టి నా చూపు అటే పోతుంది. నా మాటల్లో ఆ పక్షపాతం ఉంటుందని ముందే చెప్పుకోవడం మంచిది.

కట్టే ఆటవస్తువులు పుట్టుకతోనే మగపిల్లలవి కావు. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం బడి తెరిచి, తరువాత దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టినప్పుడు, పిల్లల చేతికిచ్చిన వస్తువులలో ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే ఒక చెక్క ఘనం ఉంది. విడదీయడం, మళ్లీ కూర్చడం, అదే ఎనిమిదింటితో బల్ల చేయడం, మెట్లు చేయడం అందులోని చదువు. ఆ చదువు ఆడ, మగ పిల్లలిద్దరికీ ఒకటే. మగపిల్లల ముద్ర తరువాతి కాలంలో, అమ్మకపు మాటతో పాటు వచ్చింది. లివర్‌పూల్‌కు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ తన కొడుకుల కోసం రంధ్రాలున్న లోహపు పట్టీలు, నట్లు, బోల్టులతో ఒక ఆటవస్తువు తయారు చేసి, 1901లో పేటెంటు పొందాడు. అదే తరువాత మెక్కానో అయింది. దాని ప్రచారంలో "అబ్బాయిలకు ఇంజినీరింగ్" అనే మాట ఏళ్ల తరబడి నిలిచింది. అమెరికాలో 1913లో ఏ.సి. గిల్బర్ట్ తెచ్చిన ఎరెక్టర్ సెట్ ప్రకటనలు కూడా "హలో బాయ్స్" అనే పలకరించాయి. ఇంట్లో ఉన్న కూతురు ఆ స్పానర్ ముట్టకూడదని ఎవరూ రాయలేదు. పలకరింపులో ఆమె పేరు లేదు, అంతే.

ఇక ఈ విషయంలో అందరి నోటా వినిపించే పేరు లెగో. డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే చిన్న ఊళ్లో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో మొదలుపెట్టిన చెక్కబొమ్మల పని అది. ఇప్పుడు మనకు తెలిసిన ప్లాస్టిక్ ఇటుకకు, అంటే పైన బొడిపెలు, లోపల గొట్టాలు ఉండి ఒకదానినొకటి గట్టిగా పట్టుకునే ఇటుకకు, 1958 జనవరిలో పేటెంటు దరఖాస్తు చేశారు. ఎనిమిది బొడిపెలున్న ఇటుకలు రెండు, ఒకే రంగువి తీసుకుంటే, వాటిని 24 రకాలుగా కలపవచ్చు. మూడు తీసుకుంటే 1,060 రకాలు. ఆరు తీసుకుంటే 91,51,03,765 రకాలని గణిత శాస్త్రజ్ఞుడు సోరెన్ ఐలర్స్ కంప్యూటర్‌తో లెక్క తేల్చాడు. ఈ అంకెను నేను తరగతిలో తరచుగా చెబుతుంటాను. ఆరు ముక్కలలో తొంభై కోట్లకు పైగా దారులున్నాయంటే, వాటితో ఆడే బిడ్డ ప్రతి నిమిషం ఏదో ఒక దారిని ఎంచుకుంటూ, మిగిలినవాటిని వదిలేస్తూ ఉందన్నమాట. ఆ ఎంపికే ఈ ఆటవస్తువు విలువ. దుకాణంలో కట్టే ధర దాని తరువాతి సంగతి.

ఆ కంపెనీయే 1974లో తన పెట్టెలలో తల్లిదండ్రులకు ఒక ఉత్తరం పెట్టింది. సృష్టించాలన్న కోరిక ఆడపిల్లల్లోనూ మగపిల్లల్లోనూ ఒకే మోతాదులో ఉంటుందని, బొమ్మరిల్లు ఇష్టపడే అబ్బాయిలూ, అంతరిక్ష నౌక ఇష్టపడే అమ్మాయిలూ చాలామంది ఉన్నారని అందులోని సారాంశం. 1981లో వచ్చిన దాని ప్రకటనలో జీన్స్ తొడుక్కుని, రెండు జడలు వేసుకున్న ఒక చిన్న అమ్మాయి తాను కట్టినదాన్ని చేత పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. ఆమె కట్టినది ఏమిటో చెప్పడం కూడా కష్టం. అయితే అదే కాలంలో అదే కంపెనీ ఆడపిల్లల కోసమని విడిగా సరుకు తేవడం కూడా మొదలుపెట్టింది. 1971లో ఇంటి సామాను సెట్లు, 1979లో గొలుసులు, ఉంగరాలు కూర్చుకునే సెట్లు, 1994లో బెల్‌విల్ అనే బొమ్మల సెట్లు వచ్చాయి. బెల్‌విల్ విషయంలో నా అభ్యంతరం స్పష్టంగా ఉంది. ఆ బొమ్మలు మామూలు లెగో మనుషులకంటే చాలా పెద్దవి, గోడలు పెద్ద పెద్ద పలకలు. నాలుగు పలకలు నిలబెడితే కోట తయారు. రంగు సంగతి పక్కన పెట్టి చూసినా, ఆ పెట్టెలో కట్టే పని తగ్గిపోయి, కట్టినదాన్ని అలంకరించే పని పెరిగింది.

ఈ విభజన క్రమంగా పెరుగుతూ వచ్చిందని మనం అనుకుంటాం. చరిత్ర అలా లేదు. ఎలిజబెత్ స్వీట్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోని సియర్స్ దుకాణాల పాత కేటలాగులను పరిశీలించినప్పుడు, 1975 నాటి ప్రకటనలలో ఇది ఆడపిల్లలకనో, ఇది మగపిల్లలకనో బాహాటంగా చెప్పి అమ్మిన బొమ్మలు రెండు శాతం కూడా లేవని తేలింది. ఆ తరువాత, 1984లో అమెరికా ప్రభుత్వం పిల్లల టీవీ కార్యక్రమాలలో ప్రకటనల మీద ఉన్న అదుపును సడలించడంతో బొమ్మ, దాని కార్టూను, దాని ప్రకటన ఒకటైపోయాయి. ఏ కార్టూను ఎవరికన్నది ముందే తేల్చుకుని తీయడం మొదలైంది. ఇందులో వ్యాపారికి ఇంకో లాభం కూడా ఉంది. అక్క ఆడుకున్న పెట్టె తమ్ముడికి పనికిరాదని ఇంట్లో అందరూ నమ్మితే, ఒక ఇంట్లో రెండు పెట్టెలు అమ్ముడుపోతాయి. పెద్దపిల్ల గౌను చిన్నపిల్లకు, అన్న సైకిలు తమ్ముడికి దిగే మన ఇళ్లలో ఈ లెక్క ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

2012లో లెగో ఫ్రెండ్స్ వచ్చింది. ఐదుగురు స్నేహితురాళ్లు, హార్ట్‌లేక్ సిటీ అనే ఊరు, లేత ఊదా, గులాబీ రంగుల పెట్టెలు. నాలుగేళ్ల పాటు ఆడపిల్లలను, తల్లులను అడిగి, వారు ఆడుకునే తీరు చూసి దీన్ని రూపొందించామని కంపెనీ చెప్పింది. వారు గమనించినదేమంటే, మగపిల్లలు పెట్టె మీది బొమ్మలాగే ఉండాలని చివరిదాకా ఒకే బిగిన కడుతుంటే, ఆడపిల్లలు మధ్యలో ఆగి, అప్పటికి కట్టినదానితోనే కథ మొదలుపెట్టి, మళ్లీ కట్టడానికి వస్తున్నారట. అందుకని మొత్తం పూర్తి కాకముందే ఆట మొదలుపెట్టడానికి వీలుగా ముక్కలను వేరువేరు సంచులలో సర్దారు. ఇది నాకు నచ్చిన ఆలోచన, అబ్బాయిల పెట్టెలకూ వర్తింపజేయవలసిన ఆలోచన. మరో మంచి విషయం, ఫ్రెండ్స్ ఇటుకలు మామూలు లెగో ఇటుకలతో చక్కగా కలుస్తాయి. మొదటి ఏడాది సెట్లలో సౌందర్య శాల ఉన్నమాట నిజమే, ఒలీవియా అనే పాత్రకు ఒక ప్రయోగశాల, అందులో ఒక చిన్న రోబో ఉన్నమాట కూడా నిజమే. కాబట్టి అప్పట్లో దాని మీద యాభై వేలకు పైగా సంతకాలతో వెళ్లిన నిరసన పత్రాన్ని నేను గౌరవిస్తాను గానీ, అందులోని ప్రతి మాటతోనూ ఏకీభవించను.

నాకు కలుక్కుమన్నది ఒక చిన్న సంగతి. 1978 నుంచి వస్తున్న లెగో మనిషికి రెండు కాళ్లు విడివిడిగా కదులుతాయి, మణికట్టు తిరుగుతుంది. ఫ్రెండ్స్ బొమ్మ చూడటానికి నాజూకుగా ఉంటుంది గానీ, దాని కాళ్లు రెండూ ఒక్కటిగానే కదులుతాయి, మణికట్టు తిరగదు. పాత బొమ్మ చేతికి స్పానర్ ఇస్తే అటూ ఇటూ తిప్పగలదు, కొత్త బొమ్మ ఇచ్చింది ఇచ్చినట్టే పట్టుకుని నిలబడుతుంది. రూపకల్పనలో అందం కోసం వదులుకున్నది పనితనాన్నే అయినప్పుడు ఆ ఎంపికను ప్రశ్నించాలి. ఆ విమర్శలు వచ్చిన రెండేళ్లకు, 2014లో, ఎల్లెన్ కోయిమన్ అనే భూశాస్త్రవేత్త ప్రతిపాదన మీద రసాయన, ఖగోళ, శిలాజ శాస్త్రవేత్తలైన ముగ్గురు మహిళల సెట్‌ను అదే కంపెనీ మామూలు లెగో మనుషులతోనే తెచ్చింది. అవి చూస్తుండగానే అమ్ముడైపోయాయి.

ఆటవస్తువు మీద ఇంత ఆలోచన అవసరమా అని మీలో కొందరికి అనిపించవచ్చు. నా తరగతి గది నుంచి జవాబు చెబుతాను. పాలిటెక్నిక్ మొదటి సంవత్సరంలో ఒక వస్తువును ఎదురుగా చూస్తే ఎలా ఉంటుంది, పైనుంచి చూస్తే ఎలా ఉంటుంది, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుంది అన్నది కాగితం మీద గీయాలి. మన దేశంలో అనుసరించే ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో పైనుంచి చూసిన రూపం ఎదుటి రూపానికి కింద వస్తుంది. అంటే విద్యార్థి ఆ వస్తువును మనసులోనే పట్టుకుని దొర్లించాలి. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా ఇక్కడ నిశ్చేష్టులై కూర్చోవడం, వారిలో అమ్మాయిలే ఎక్కువగా ఉండటం నేను చూస్తున్నాను. వారికి తెలివి తక్కువ కాదు. చిన్నప్పుడు వస్తువులను విప్పడం, తిప్పడం, తలకిందులు చేసి బిగించడం వారి చేతికి రాలేదు. చెక్క ముక్కలు చేతికిచ్చి, వాటిని పేర్చి చూసి గీయమంటే కొన్ని వారాలలోనే చాలామంది గాడిన పడతారు.

ఇది నా ఒక్కరి అనుభవమే అయితే ఇక్కడ ప్రస్తావించేవాణ్ణి కాదు. అమెరికాలోని మిషిగన్ టెక్నలాజికల్ విశ్వవిద్యాలయంలో షెరిల్ సోర్బీ 1993 నుంచి, ఇంజినీరింగ్‌లో చేరి, వస్తువును మనసులో తిప్పి చూసే పరీక్షలో వెనకబడిన విద్యార్థులకు, అందులో ఎక్కువగా అమ్మాయిలకు, ఒకదానికొకటి అతుక్కునే చిన్న ఘనాలతో, చేతి గీతలతో ఒక కోర్సు నడిపారు. దాని తరువాత వారి మార్కులు పెరిగాయి, ఇంజినీరింగ్ వదిలిపెట్టకుండా నిలబడిన అమ్మాయిల సంఖ్య కూడా పెరిగింది. 2013లో డేవిడ్ ఉటాల్, ఆయన సహచరులు 217 అధ్యయనాలను కలిపి చూసి, ఈ సామర్థ్యం శిక్షణతో పెరుగుతుందని, పెరిగినది కొంతకాలం నిలుస్తుందని తేల్చారు. అయితే ఒక జాగ్రత్త. బ్లాకులతో తరచుగా ఆడే పిల్లలు ఇలాంటి పరీక్షలలో మెరుగ్గా ఉన్నారని చెప్పే సర్వేలను చూసి, బ్లాకులు కొంటే బిడ్డ ఇంజినీరు అవుతుందని అనుకోకూడదు. అప్పటికే అలాంటి మొగ్గు ఉన్న పిల్లలే వాటిని ఎక్కువగా పట్టుకుంటూ ఉండవచ్చు. నేను అడిగేది అవకాశం గురించే. చేతికి వస్తే కదా, మొగ్గు ఉందో లేదో తెలిసేది!

ఇప్పుడు మన జిల్లా సంగతికి వస్తాను. కట్టడం మగవాడి పని అని పాలమూరులో అంటే నవ్వాలి. నాగార్జునసాగర్ దగ్గర 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన నాటి నుంచి ఎన్ని ప్రాజెక్టులు లేచాయో, వాటిలో పాలమూరు లేబర్ చెమట ఎంత ఉందో ఈ సభలో ఉన్న పెద్దలకు నాకంటే బాగా తెలుసు. సాగర్ ఆనకట్ట 124 మీటర్ల ఎత్తున్న రాతి కట్టడం. యంత్రాల కంటే మనుషుల చేతులనే నమ్ముకుని కట్టారు. గుంపు మేస్త్రి వెంట ఊళ్లు దాటి పోయిన ఆలుమగలలో ఆడమనిషి రాయి మోసింది, మట్టి మోసింది, సున్నం కలిపింది. కానీ ఆమె చేతిలో తట్ట ఉంది, అతని చేతిలో తాపీ ఉంది. గోడ నిలువు చూసే తూకం గుండు, మట్టం చూసే దారం ఆమె చేతికి రాలేదు. ఈనాటికీ మన ఊళ్లో ఇల్లు కడుతుంటే వెళ్లి చూడండి, ఆడవాళ్లు కూలికి వస్తారు, ఆడ మేస్త్రి కనిపించడం అరుదు. కష్టంలో సగానికి పైగా ఆమెదే, కూలి తక్కువ, పని నేర్చుకుని పై మెట్టు ఎక్కే దారి లేదు. బొమ్మల పెట్టెలో జరిగిన విభజన కూడా నాకు ఇలాగే కనిపిస్తుంది. ఆడపిల్లను కట్టడం నుంచి బయటికి పంపలేదు. లోపలే ఉంచి, అతుకు గురించీ బరువు గురించీ నిర్ణయించే పనిని మాత్రం మరొకరికి అప్పగించారు.

దీనికి ఎదురుగా మన ఇళ్లలోనే బతుకమ్మ ఉంది. పండుగగానే చూస్తాం గానీ, ఒక్కసారి డ్రాయింగ్ మాస్టారు కళ్లతో చూడండి. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు పూలతో మొదటి వరుస గుండ్రంగా పేర్చాలి. గునుగు కాడలను ఒకే పొడవుకు కత్తిరించి, కట్టలు కట్టి, తలలు బయటికి, కాడలు లోపలికి వచ్చేలా పెట్టాలి. నడుమ ఖాళీ మిగలకుండా ఆకులు, తరిగిన కాడలు కూరుతూ పోవాలి, లేకుంటే రెండో వరుసకే కూలబడుతుంది. పైకి పోయేకొద్దీ చుట్టు తగ్గాలి, ఎంత తగ్గాలన్నది ఎవరూ కొలిచి చెప్పరు. అంతా అయ్యాక దాన్ని నెత్తిన పెట్టుకుని చెరువు దాకా నడిచినా చెదరకూడదు. పునాది, పూరకం, గురుత్వ కేంద్రం అన్నీ ఇందులో ఉన్నాయి. పన్నెండేళ్ల పిల్ల అమ్మమ్మ పక్కన కూర్చుని ఈ పని నేర్చుకుంటుంది. అదే పిల్ల మూడేళ్ల తరువాత మెకానికల్ బ్రాంచి అంటే మనకెందుకులే అంటుంది. ఆమెకు చేతకాదని కాదు, తాను చేసినది కట్టడమేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ పక్కనే తమ్ముడు గునుగు కోసుకొచ్చి ఇచ్చి ఊరుకుంటాడు. వాడిని కూడా కూర్చోబెట్టి ఒక వరుస పేర్చమంటే తప్పేమీ లేదు.

తమ్ముడి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఈ విషయంలో నష్టం ఒకవైపే లేదు. 2021 అక్టోబరు 11న, అంతర్జాతీయ బాలికా దినోత్సవం నాడు, లెగో కంపెనీ ఏడు దేశాలలో చేయించిన ఒక సర్వే ఫలితాలు ప్రకటిస్తూ తమ సరుకులో ఆడ, మగ మూసలను తొలగిస్తామని చెప్పింది. ఆ ఏడు దేశాలలో మన దేశం లేదు. అమ్మాయిలు అబ్బాయిల బొమ్మతో, అబ్బాయిలు అమ్మాయిల బొమ్మతో ఆడితే నవ్వుతారేమోనని భయపడేవారు ఆ సర్వేలో అమ్మాయిలలో 42 శాతం, అబ్బాయిలలో 71 శాతం. ఆడపిల్ల జీపు బొమ్మ పట్టుకుంటే మనం ముచ్చటపడతాం, మగపిల్లవాడు వంటసామాను పట్టుకుంటే లాక్కుంటాం. మన దుకాణాల్లోని కన్‌స్ట్రక్షన్ పెట్టెల మీద ఎక్కువగా క్రేను, ట్యాంకు, లారీ ఉంటాయి, మనుషులుండే ఇల్లు ఉండదు. ఇల్లు కట్టి అందులో ఎవరు ఎక్కడ పడుకుంటారు, వంట ఎక్కడ, నీళ్లు ఎటు పోతాయి అని ఆలోచించని పిల్లవాడు రేపు సివిల్ ఇంజినీరై గాలి రాని వంటగది గీస్తాడు. అలాంటివి మనం చాలా చూశాం.

ఇక మన బజారు. క్లాక్ టవర్ చుట్టుపక్కల దుకాణాలలోగానీ, కురుమూర్తి జాతరలోగానీ విదేశీ కంపెనీ పెట్టెలు కొనేవారు తక్కువే. ఎక్కువగా అమ్ముడయ్యేవి సంచిలో పోసి ఇచ్చే మామూలు బ్లాకులు, కిచెన్ సెట్లు, డాక్టర్ సెట్లు. సంచి బ్లాకులకు ఆడ, మగ లేదు, అది వాటి గొప్పతనం. కొనేముందు రెండు ముక్కలు కలిపి చూడండి. వదులుగా ఉండి జారిపోయే బ్లాకులతో బిడ్డ మూడంతస్తులు కూడా కట్టలేదు, విసిగి వదిలేస్తుంది, ఆ తరువాత మా పాపకు అలాంటివి ఇష్టం లేదని మనం చెప్పుకుంటాం. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మల మీద ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి కాబట్టి అదీ చూసుకోవాలి. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో నోట్లో పట్టేంత చిన్న ముక్కలు వద్దు.

డబ్బు పెట్టకుండా అయ్యే పని కూడా ఒకటి ఉంది, ముఖ్యంగా అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాల టీచర్లకు. అరవింద్ గుప్తా అనే ఇంజినీరు, తరువాత పద్మశ్రీ అందుకున్నారు, 1978 ప్రాంతంలో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ పల్లె బడులలో సైన్సు బోధన కార్యక్రమంలో ఉండగా అగ్గిపుల్లలను సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపి ఆకారాలు కట్టే పద్ధతి రూపొందించారు. పుల్లల మందు గీకేసి, ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో రెండేసి పుల్లలు గుచ్చడమే. నాలుగు పుల్లలతో చతురస్రం చేసి నొక్కితే అది పక్కకు ఒరిగిపోతుంది. మూడింటితో త్రిభుజం చేసి నొక్కితే కదలదు. చతురస్రం ఎందుకు ఒరిగింది, ఒరగకుండా ఇంకో పుల్ల ఎక్కడ పెట్టాలి అని పిల్లలనే అడగాలి. జవాబు మనం చెప్పకూడదు. వాల్వ్ ట్యూబు సైకిల్ షాపులో దొరుకుతుంది. అబ్బాయిల గుంపు, అమ్మాయిల గుంపు అని విడదీయకుండా ఇద్దరిద్దరిని కూర్చోబెట్టండి. ఒకరు పుల్లలు అందిస్తూ, ఒకరు గుచ్చుతూ ఉంటే, సగంలో పనులు మార్పించండి. మార్పించకపోతే అందించే పని ఎవరి వాటాకు వస్తుందో మీకు తెలుసు.